పట్టుపురుగుల షెడ్డు తాళం

వెల్లిచందై,
10-6-2025

తేనూ, నా చిట్టి కన్నా,

అమ్మ రాసేది. ఇక్కడ నేను, మీ నాయన ఉన్నాము. బాగున్నాము అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకే ఉన్నాము అని మాత్రం రాసినాను.

ఆదివారం ఫోన్‌లో ఏమడిగినా నేను ఊ, ఆ అన్నానని కోపం పెట్టుకోవద్దు. ఫోన్‌లో మాట్లాడేదంతా రికార్డు అవుతుందని మెడికల్ షాపు దగ్గర చెప్పుకుంటున్నారు. పైగా మీ మిల్లు హాస్టల్లో వార్డెనమ్మ పక్కనే నిలబడి ఉంటుందంటివి. ఈ తెలుగు అక్షరాలైతే ఇక్కడ చదివేవాళ్లు లేరు. కుప్పం పక్క మా పుట్టింట్లో నాలుగో తరగతి దాకా చదివింది ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. పొయ్యి ముందర కూర్చోబెట్టి బొగ్గుతో మీ ఇద్దరికీ నేర్పించినాను, నువ్వు నేర్చుకున్నావు, మీ అన్న అక్షరాలకు మీసాలు పెట్టి నవ్వినాడు. నువ్వు తమిళంలో అడ్రసు రాసి పెట్టిపోయిన కాయితాలు ఇంకా ఉన్నాయి. ఒకటి అతికిస్తాను.

విషయం రాస్తాను, బెదరవద్దు. రాసే నేనే బెదురుతున్నాను.

పోయిన వారం మునియప్పయ్య టమాటా తోటలో మందు కొట్టడానికి పోయినాము. నేను, చిత్ర, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు. అప్పుడే తెల్లారింది. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకొని కదా మందు కొట్టేది. వాళ్లు మొగుళ్ల చొక్కాలు వేసుకున్నారు. నేను అన్న చొక్కా, ఆ నీలం గీతలది వేసుకున్నాను. వాడు పోయినప్పటి నుంచి పనికి అదే నాకు.

మామిడి తోట పక్క కొమ్మ విరిగింది. "ఎవరో కాయలు దొంగిలిస్తా ఉన్నారు అక్కా, మనకూ రెండు అడుగు" అని చిత్ర నవ్వింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే పెద్దసామి బయటికి వచ్చినాడు. ఏనుగు అని పేరు పెట్టి మనం అనము కదా, ఈ జాబులో ఒక్కసారి రాసినాను, ఇంక రాయను. ఒంటిగా ఉన్నాడు. మమ్మల్ని చూసి చెవులు ఆడించడం నిలిపేసినాడు, మీదికి వచ్చే ముందర అట్లే చేస్తాడు. మన నీళ్ల బిందె కింద పెడితే వినిపించేంత దూరం కూడా లేదు.

ఊరి దారికి ఆయనే అడ్డం. వెనక ముళ్ల కంచె. పక్కన ఉండేది ఒక్కటే, మునియప్పయ్య పట్టుపురుగుల షెడ్డు. తాళం వేసి ఉంది.

అదే తలుపు తేనూ. పోయిన మామిడికాయల కాలంలో, అన్న టమాటాకు కాపలా ఉన్నప్పుడు, ఇదే పెద్దసామి తరిమితే పరుగెత్తిపోయి కొట్టిన తలుపు. అప్పుడూ తాళమే. పురుగులు గూడు కట్టే ముందర బయటివాళ్ల కాలు పడకూడదని, పూల వాసన, నూనె వాసన కూడా సోకకూడదని తాళం వేసి, తాళంచెవి ఇంటికి తీసుకుపోతారు. వాడు ఆ తలుపు ముందరే పోయినాడు. వాడి చేతుల మట్టి తలుపు మీద అట్లే ఉండింది. తర్వాత దానికి పచ్చ రంగు పూసినారు.

నేను నీళ్ల డ్రమ్ముకు అడ్డం పెట్టిన రాయి తీసి తాళం మీద కొట్టినాను. విరిగింది. "చొక్కాలు తీసి పారేయండే, పురుగులు చస్తాయి!" అని నేనే అరిచినాను. మందు సోకిన పురుగు తల ఆడించి ఆడించి చచ్చిపోతుంది. ఆ షెడ్డుకు ఎన్నేళ్లు మల్బరీ ఆకు కోసినాను, నాకు తెలియనిదా? వాళ్లు ముగ్గురూ చొక్కాలు బయట పారేసినారు. నేను పారేయలేదు. గుండీ మీదకు చెయ్యి పోయింది, ఆగిపోయింది. ఆ తలుపు బయట వాడి చొక్కాను పారేసి, నేను లోపలికి పోయి తలుపు వేసుకోవడమా?

లోపల పురుగులు ఆకు తినే చప్పుడు, రేకుల మీద చిన్న వాన పడినట్టు. బయట గోడ పక్కన ఆయన ఊపిరి. మేము ఒకరి నోరు ఒకరు మూసి ఆ రెండు చప్పుళ్లూ విన్నాము. చాలాసేపటికి ఆయన పోయినాడు. మాకు ఒక్క గీత పడలేదు. షెడ్డుకూ పడలేదు.

మరుసటి రోజుకు లోపలి వాన ఆగిపోయింది. పురుగులన్నీ చచ్చినాయి.

ఇప్పుడు మునియప్పయ్య వక్కీలు నోటీసు పంపించినాడు. కొడుకు చచ్చిన పగతో తాళం పగలగొట్టి, కావాలనే మందు లోపలికి తీసుకుపోయి పంట నాశనం చేసినానంట. నష్టం ఇయ్యాలంట, లేకపోతే కోర్టంట. మనకు ఉండేది ఏమి? ఈ ఇల్లు, దాని పట్టా. మీ నాయన పట్టాను రాగుల డబ్బాలో దాచి, మాటిమాటికి మూత తీసి చూస్తున్నాడు. నన్ను జైల్లో పెడతారా, ఇల్లు లాక్కుంటారా, ఏదీ తెలియదు. నోటీసు తెచ్చిన పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు ఇప్పుడు ఏ సైకిలుకు విన్నా లోపలికి పోయి గడియ పెట్టుకుంటున్నాను.

ఎవరికీ చెప్పవద్దు. చదివి చించెయ్యి.

అమ్మ,
శివగామి


తిరుప్పూరు,
18-6-2025

అమ్మా,

నీ జాబు బాత్రూములో కూర్చొని చదివినాను, బయట బకెట్లతో లైను కట్టి తలుపు కొడుతూ ఉన్నారు. చించలేదు. దిండు గలీబులో పెట్టుకున్నాను.

నువ్వు బాగా చేసినావు అమ్మా! వాళ్లకు అట్లే కావాల. అన్న తలుపు కొట్టినప్పుడు వాళ్లకు పురుగులే ముఖ్యం, ఇప్పుడు ఆ పురుగులు ఎక్కడ? నువ్వు చొక్కా తియ్యకుండా లోపలికి పోయిన చోట చదివి ఏడ్చినాను, సంతోషంతో. నేనైనా అదే చేస్తాను. ఏడాదిగా నువ్వు ఏమీ అనకుండా వాళ్ల తోటకే కూలికి పోతా ఉంటే నాకు ఒళ్లు మండేది, నీకు చెప్పలేదు.

ఇంకొకటి. ఆదివారం నా ఫోన్ టైములో మీకు చెయ్యలేదు కదా, ఎందుకో చెప్తాను. మునియప్పయ్య కొడుకు దినకరన్‌కు చేసినాను. కూలికి పిలిచే నంబరు, నాకు కంఠపాఠం. "మా అమ్మ చేసింది సరి. మా అన్న ప్రాణానికి మీ పురుగులు చాల్లేదు, ఇంకా ఉంటే అవి కూడా పోవాల" అని అనేసినాను. వాళ్లింట్లోనూ మాట్లాడేది తెలుగే కదా, వార్డెన్‌కు రాదు, నవ్వుతూ నిలబడింది. ఆ దినకరన్ ఒక్క మాట మాట్లాడలేదు. భయపడిపోయినాడు.

జైలు గురించి భయపడవద్దు. నా రూములో సరణ్య అని ఉంది, దాని మామ వక్కీలు దగ్గర గుమాస్తా. ఇది నష్టానికి వేసే కేసు, పోలీసు కేసు కాదు, జైలు ఉండదని చెప్పింది. ప్రాణం మీదికి వస్తే ఏమి పగలగొట్టినా ఒక్క పైసా ఇయ్యక్కరలేదని కూడా చెప్పింది. నాయనను పట్టా మీద నుంచి చెయ్యి తియ్యమను.

నీ తేను


వెల్లిచందై,
26-6-2025

తేనూ,

ఎంత పని చేసినావే.

ఆ దినకరన్ భయపడి ఊరకుండలేదు. రికార్డు చేసుకుంటూ ఊరకున్నాడు. టీ అంగడి ముందర అందరికీ వినిపించినాడు. చిత్ర మొగుడు కూడా విన్నాడు. "వినండి, కన్నకూతురే చెప్తా ఉంది పగ అని. ఇంకేమి సాక్షి కావాల?" అని మునియప్పయ్య అన్నాడంట. మీ నాయన ఆ పక్కన టీ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు. తాగకుండా పెట్టేసి ఇంటికి వచ్చినాడు.  మేకకు ఆకు వేస్తూ నాతో కాకుండా దానితో మాట్లాడినాడు.

ఊరివాళ్లు అనుకుంటే అనుకోనీ. నువ్వు కూడా పగ అనుకున్నావు, అది నాకు ముల్లు. బాగా చేసినావు అని రాసినావు. నేను బాగా చెయ్యలేదు తేనూ, భయపడి చేసినాను. ఆ పురుగులు నా చేతి ఆకు తిని పెరిగినవి. చచ్చిన పురుగులను గంపలకు ఎత్తి గుంతలో పోస్తుంటే దూరం నుంచి చూసినాను, నాకు సంతోషం రాలేదు.

చిత్రను సాక్షి చెప్పమని అడగడానికి పోయినాను. గడప దాటి బయటికి వచ్చి తలుపు మూసి మాట్లాడింది.

"అక్కా, నేను ఏమి చెప్పేది? పెద్దసామి నిలబడినాడు, పోయినాడు. తాళం పగలగొట్టింది నువ్వు."

"నువ్వు ఎవరి వెనక లోపలికి వచ్చినావే?"

"నా మొగుడు మునియప్పయ్య ట్రాక్టరు నడుపుతాడు. నాకు నోరు ఎక్కడిది, చెప్పు."

దాన్ని తిట్టలేకపోయినాను.  

తర్వాత మీ నాయనా నేనూ పాలక్కోడు కోర్టుకు పోయినాము. అక్కడ ఆడవాళ్లకు దుడ్డు తీసుకోకుండా మాట్లాడే వక్కీలమ్మ ఉంది, సత్యప్రియ అని, చిన్న వయసే, కళ్లజోడు. కూర్చోమని కుర్చీ వేసింది. మీ నాయన కుర్చీ అంచున కూర్చొని పడిపోబోయినాడు. ఆమె నవ్వలేదు, మంచిది.

ఆమె చెప్పింది రాస్తాను, సరిగా అర్థమైందో లేదో. జైలు లేదంట, అంతవరకు నీ సరణ్య సరే. ప్రాణం కాపాడుకోవడానికి వేరే దారి లేనప్పుడు ఇంకొకరి తలుపు పగలగొట్టి లోపలికి పోవడం తప్పు కాదంట. కానీ రెండు చూస్తారంట. ముప్పు నిజంగా ఉండిందా. ఎంత అవసరమో అంతే చేసినావా.

"ఎంత అవసరమో అంతే." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. తలుపు అవసరం. చొక్కా? మిగతావాళ్లు తీసినారు కదా. తీసే టైము వాళ్లకు ఉంటే నాకూ ఉండింది కదా. వక్కీలమ్మకు చొక్కా సంగతి చెప్పలేదు. ఆమె అడగలేదు. చెప్తే ఇల్లు పోతుంది, చెప్పకపోతే ఎక్కడో పట్టుకుంటారు. అన్నను దహనం చేసిన తర్వాత ఇంక నాకు భయం అనేది ఉండదు అనుకున్నాను. ఉంది తేనూ. ఆ ఇంటి గోడ మీద వాడి ఎత్తు కొలిచిన గీతలు ఉన్నాయి. అది ఇంకొకరి చేతికి పోతే వాళ్లు సున్నం కొడతారు.

రాజీకి రమ్మని కోర్టు నుంచి మాకూ వాళ్లకూ కాయితం వచ్చింది. ఇంక నువ్వు ఫోన్ చెయ్యవద్దు.

అమ్మ


తిరుప్పూరు,
3-7-2025

అమ్మా,

ఫోన్ చెయ్యవద్దు అని రాసినావు. నన్ను వద్దనుకున్నావు అని అర్థమైంది. నేను చేసిన పనికి అంతే కావాల నాకు. ఆదివారం నా టైము వచ్చినప్పుడు వార్డెన్ పిలిచింది, పోలేదు.

అమ్మా, నా మాట విను, ఈ ఒక్కసారి. చొక్కా సంగతి చెప్పవద్దు. నువ్వు కూడా బయట పారేసినానని చెప్పు. ఎవరు చూసినారు? చిత్రక్క చెప్పదు, దానికే భయం. ఆ చొక్కాను పొయ్యిలో పెట్టు. అన్న ఉండింటే అన్న కూడా అదే చెప్పేవాడు, "చొక్కా పోతే పోయింది, ఇల్లు పోకూడదు" అని. ఇల్లు పోతే నేను ఎక్కడికి రావాల?

కాదంటే నేనే వస్తాను. మిల్లులో నా మూడేళ్లు ఇంకా కాలేదు, మధ్యలో వస్తే చివర ఒకేసారి ఇచ్చే దుడ్డు ఇయ్యరు, పోనీ. వచ్చి ఫోన్‌లో నేను అబద్ధం చెప్పినానని, నాకు పిచ్చి పట్టి మాట్లాడినానని చెప్తాను. నా నోటి వల్ల నీకు ఇంత వచ్చింది. మెషీన్ దగ్గర నిలబడితే దారం తెగిపోయిందో లేదో కనిపించడం లేదు, సూపర్‌వైజరు అరుస్తున్నాడు.

నేను సరిగా తినడం లేదని నీకు రాయమని సరణ్య అంటుంది. రాయను.

తేన్‌మొళి


వెల్లిచందై,
21-7-2025

తేనూ, నా బంగారు కన్నా,

నిన్ను వద్దనుకోవడమా? ఫోన్ చెయ్యవద్దు అన్నది రికార్డుకు భయపడి, నీకు కాదు. ఇన్ని అక్షరాలు రాసి ఆ ఒక్కటి రాయడం మరిచిపోయినాను, చూడు నా చదువు. ఆదివారం మీ నాయన ఫోన్ పట్టుకొని ఇంటి ముందర రాతి మీద కూర్చొని సాయంత్రం దాకా లేవలేదు. నువ్వు చెయ్యలేదు.

రాజీ అయిపోయింది. ఇల్లు ఉంది. ముందు అది రాసేసినాను, నువ్వు ఊపిరి పీల్చుకో. ఇప్పుడు మెల్లగా చదువు.

పాలక్కోడు కోర్టులో చిన్న గది. మధ్యలో పంచాయితీ చేసే అయ్య, తల నెరిసినాయన. ఒక పక్క మునియప్పయ్య, ఆయన భార్య సౌభాగ్యమ్మ, దినకరన్. ఇంకో పక్క మేము, వక్కీలమ్మ. చొక్కాను నేను పొయ్యిలో పెట్టలేదు. సంచిలో పెట్టి నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఎందుకు తెచ్చినానో నాకే తెలియదు. మీ నాయనకు కూడా చెప్పలేదు.

ముందు దినకరన్ ఫోన్ పెట్టి నీ మాటలు వినిపించినాడు. చాలా రోజులకు నీ గొంతు విని నాకు ముందు సంతోషం వేసింది, పిచ్చిదాన్ని. మాటలు తర్వాతే చెవికి ఎక్కినాయి.

"ఇది కూతురు మాట. తల్లి మాట తల్లి చెప్తుంది" అని వక్కీలమ్మ అనింది.

మునియప్పయ్య లేచినాడు. "పెద్దసామి ఏమైనా చేసినాడా? నిలబడినాడు, పోయినాడు. మామిడికాయలకు రోజూ వస్తా ఉంటాడు. వచ్చినప్పుడల్లా నా తాళం పగలగొట్టేదా?"

 నాకు ఎక్కడి నుంచో మాట వచ్చింది. "ఆయన ఏమి చేసినాక పగలగొట్టాల, మీరే చెప్పండి అయ్యా. మా కొడుకు అయ్యనారు పగలగొట్టలేదు. మీ తాళం అని మర్యాదగా చేత్తో తట్టినాడు. రంగు పూసే ముందర ఆ చేతుల మట్టి మీరే కదా చూసినారు?"

  అప్పుడు తలుపు దగ్గర చిత్ర. నేను పిలవలేదు తేనూ, దేవుడి మీద ఒట్టు. బస్సుకు పరుగెత్తి వచ్చినట్టుంది, ఆయాసపడుతూ ఉంది.

"అయ్యా, ఆయన చెవులు ఆడించలేదు. నేను చూసినాను. నేనైతే ఆ తాళం పగలగొట్టి ఉండను, అయ్యది కదా అని అట్లే నిలబడి ఉంటాను. అక్క పగలగొట్టింది, అందుకే నేను ప్రాణంతో ఉన్నాను. నా మొగుని ట్రాక్టరు పని పోతే పోనీ. ఇడ్లీ అంగడి పెట్టుకుంటాము." ఒక్క గుక్కలో చెప్పి గోడకు ఆనుకుంది. దాని ఇడ్లీ రాయి లాగా ఉంటుంది, నీకు తెలుసు. అంత భయంలోనూ మీ నాయన నా పక్క చూసినాడు.

పంచాయితీ అయ్య కాయితం మీద ఏదో రాసుకొని అడిగినాడు. "తలుపు సంగతి సరేనమ్మా. మందు కొట్టిన చొక్కాలతోనే లోపలికి పోయినారా?"

నీ జాబు గుర్తుకు వచ్చింది. బయట పారేసినాను అని చెప్పు అంటివి. నోటి దాకా వచ్చింది. కానీ చిత్ర అక్కడ నిలబడి ఉంది. అది నా కోసం ఉన్న పని పోగొట్టుకోవడానికి వచ్చి నిజం చెప్పి పోతే, దాని ముందర నేను అబద్ధం ఎట్లా చెప్పేది?

సంచిలో నుంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టినాను. మందు వాసన గదంతా కొట్టింది.

"వాళ్లు పారేసినారు అయ్యా. నేను పారేయలేదు. టైము ఉండింది. తాళం పగలగొట్టింది ప్రాణానికి. ఇది ప్రాణానికి కాదు, నా మనసు ఒప్పలేదు, అంతే. తలుపుకు నేను ఏమీ ఇయ్యను. చొక్కాకు ఇస్తాను. ఇల్లు మాత్రం అడగవద్దండి, ఒళ్లు ఉంది, పని చేసి తీరుస్తాను."

వక్కీలమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుందో, నా తెలివికి తల పట్టుకుందో తెలియదు. మునియప్పయ్య "చూసినారా, ఒప్పుకుంది!" అన్నాడు.  ఇల్లు పోయింది అనుకున్నాను.

 సౌభాగ్యమ్మ సంగతి నీకు తెలుసు కదా. పురుగులు ఉన్నన్నాళ్లు తలకు నూనె పెట్టదు, పూలు పెట్టదు, మందు కొట్టిన మనిషి ఎదురు వస్తే దారి మార్చుకుంటుంది. ఇప్పుడు వాళ్ల ఇంట్లో కొత్త పంట పురుగు పిల్లలు దిగినాయి. ఆమె లేచి వచ్చి ఆ చొక్కాను చేత్తో తీసుకుంది. మొగుడు "ఏయ్, ముట్టవద్దు!" అన్నాడు. ఆమె వినలేదు. మడత విప్పి, కాలరు తిప్పి చూసింది.

"ఇది మా దినకరన్‌ది. పొంగలి పండగకు నేనే కదా అయ్యనారుకు ఇచ్చినాను" అనింది. "చేతులు పొడవు, మడిచి వేసుకుంటాను అమ్మా అన్నాడు." చొక్కాను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఒళ్లో, తేనూ. ఇంక ఆ చీరతో ఆమె పురుగుల దగ్గరికి పోకూడదు. తలస్నానం చేసి, ఆ చీరను పక్కన పెట్టాల్సిందే. దినకరన్ తల వంచుకొని ఫోన్‌ను జేబులో పెట్టేసినాడు.

"శివగామి ఈ కొత్త పంటకు ఆకు కోస్తుంది, కూలి తీసుకోదు. దానితో సరి" అని ఆమె మొగుడితో అనింది. "ఆ తలుపుకు ఇంక తాళం వద్దు. లోపల గడియ పెట్టిద్దాము."

"దొంగలు వస్తే?"

"పురుగులను ఎత్తుకుపోయి ఎవరు ఏమి చేసుకుంటారు? తాళం వద్దు అంటే వద్దు."

 మునియప్పయ్య గోడ పక్క చూస్తూనే సంతకం పెట్టినాడు. నేనూ పెట్టినాను. చిత్ర మొగుని పని ఇంతవరకు పోలేదు. మునియప్పయ్య వాడితో మాట్లాడడం లేదు, అంతే.

కోర్టు బయట వక్కీలమ్మ నన్ను ఆపి, చొక్కా సంగతి ముందే ఎందుకు చెప్పలేదు అని కోప్పడింది. చెప్పి ఉంటే నన్ను వదిలేస్తారనుకున్నాను అమ్మా అన్నాను. ఆమె తల ఆడించింది.

భయం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. మామిడికాయలు అయిపోతున్నా పెద్దసామి ఇంకా ఈ పక్కే ఉన్నాడు. నిన్న కూడా కంచె తొక్కిపోయినాడు. ఆకు కోయడానికి ఈ పొద్దు నుంచే పోతున్నాను. దారిలో షెడ్డు దగ్గర ఆగినాను. తాళం లేదు. తలుపును వేలితో తోసినాను, తెరుచుకుంది. లోపలికి పోలేదు. ఊరికే ఇంకోసారి తోసి చూసి, వేసి వచ్చినాను.

ఆకు కోసేవాళ్లకు మందు చొక్కా పనికిరాదు కదా. అందుకని అన్న చొక్కాను ఉతికి, ఎండబెట్టి, నీ పెట్టెలో నీ పాత పావడా పక్కన పెట్టినాను. ఇప్పుడు మీ నాయన చొక్కా వేసుకొని పోతున్నాను. అది నాకు వదులు.

నువ్వు రావద్దు, నీ మూడేళ్లు కానియ్యి. ఆదివారం ఫోన్ చెయ్యి. రికార్డు అయితే కానియ్యి. సరణ్యకు నా దీవెనలు చెప్పు, నువ్వు రాయను అన్నది కూడా నాకు అర్థమైంది. నువ్వు పస్తు ఉంటే ఇక్కడ ఎవరికీ కడుపు నిండదు.

మీ అమ్మ,
శివగామి

మిల్లు అన్నం రుచి లేకపోయినా వదిలిపెట్టవద్దు, కడుపు నిండా తిను కన్నా.